పక్కింటి అక్కకు సన్మానం

నా చిన్నప్పుడు కడపలో మా వీధికి తెల్లవారిందని చెప్పేది పక్కింటి మిద్దె మీద బంతి చప్పుడు. పక్కింటి అక్క పాలవాడు రాకముందే మిద్దె ఎక్కి, నాపరాళ్ల మీద బాస్కెట్‌బాల్ కొడుతూ అటూ ఇటూ పరిగెత్తేది. కింద వాళ్ల అవ్వ మంచంలోంచే మొదలుపెట్టేది.

"నా నెత్తిన రోలు పెట్టి దంచుతాండాది. దీన్ని కట్టుకునేవాడు చెవిటోడై పుట్టింటే బతికిపోతాడు."

"ఆ చెవిటోణ్ణి నువ్వే యాడన్నా ఎతుకు అవ్వా, నాకు టైమ్ లేదు" అని అక్క ఇంకాస్త గట్టిగా కొట్టేది.

ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో చేరిన కొత్తలోనే ఆటల మేడమ్ ఆమె పొడుగు చూసి ఆటలోకి లాగిందట. అప్పటిదాకా ఆ పొడుగు ఆ ఇంటికొక బెంగ. అంత ఎత్తు పెళ్లికొడుకును యాడ తెస్తామని వచ్చినవాళ్లందరి దగ్గరా ఏడ్చుకునేవాళ్లు. కోర్టులో అదే పొడుగు ఆమెకు రెక్కలైంది. కాలేజీ కోర్టు మట్టిది. సాయంత్రం బిందెలతో నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి, చున్నీలు నడుముకు బిగించి ఆడేవాళ్లు. నన్ను కూడా తీసుకుపోయేది. గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. అందరూ ఆమె కుడిచేతిని కాస్తుంటే బంతి ఎప్పుడు ఎడమచేతిలోకి మారేదో తెలిసేది కాదు. తెలిసేసరికి వలలోంచి కింద పడుతుండేది. కర్నూలు కాలేజీతో పోటీ అయితే మగవాళ్లు కూడా ప్రహరీ గోడ ఎక్కి చూసేవాళ్లు. కర్నూలు జట్టులోని ముగ్గురు పిల్లలు ఆమె చుట్టూ చేరితే, ముగ్గురూ మీద పడేదాకా ఆగి, తల కూడా తిప్పకుండా బంతిని వెనకనున్న పొట్టి పిల్లకు అందించేది. రెండో ఏడాదికే కెప్టెన్. మూడో ఏడాదికి యూనివర్సిటీ జట్టులో మొదటి పేరు ఆమెదే.

వాళ్ల నాయనకు రాజంపేట దగ్గర నిమ్మతోటలు, టౌన్లో మంచి పలుకుబడి, అంతకంటే పెద్ద పదవి మీద ఆశ ఉండేవి. కూతురి ఫొటో పేపర్లో పడినప్పుడల్లా జేబులో పెట్టుకుని కనపడినవాడికల్లా చూపించేవాడు. ఆట ఆ జేబులో పట్టినంత కాలం ఆయనకు ముద్దుగానే ఉంది. ఆఖరి సంవత్సరం రాష్ట్ర జట్టు కోసం హైదరాబాదులో క్యాంపుకు రమ్మని కబురొచ్చింది. నెల రోజులు అక్కడే ఉండాలి, అందరిలాగే నిక్కరు వేసుకుని ఆడాలి. తోటల దగ్గరి చిన్నాయనలు దిగారు. మన ఇంటి ఆడపిల్ల నిక్కరేసుకుని ఊర్లు తిరుగుతాంటే రేపు మన మాట ఎవురింటారన్నా అన్నారు. నాయన వద్దన్నాడు. అక్క తిండి మానేసింది. ఎంత బతిమాలినా, ఎంత అరిచినా గది బయటికి రాలేదు.

అప్పుడు పిలిచారు మా జేజినాయనను. మా నాయనను కన్నాయన ఆయన, మా వీధికీ చుట్టుపక్కల ఊర్లకూ పెద్దమనిషి. అన్నదమ్ముల పంపకాలు, గట్టు తగాదాలు, మొగుడూ పెళ్లాల పంచాయితీలు అన్నీ ఆయన అరుగు మీదే తెగేవి. ఆయన పద్ధతి ఒకటుండేది. ఎవరినీ గద్దించేవాడు కాదు. ఎవరు మొండికేస్తే వాళ్లకే మర్యాద ఎక్కువ చేసి, నలుగురి ముందు మంచి చోట కూర్చోబెట్టి, "ఈయప్ప నాతో ముందే చెప్పినాడు, తగ్గుతానని" అనేవాడు. ఆ మనిషి చెప్పి ఉండడు. అయినా నలుగురిలో అంత పెద్దాయన అన్నాక కాదనడం మా వైపు జరిగే పని కాదు. నలుగురిలో పడిన మాట ఇక ఆ మనిషిదే.

పక్కింటాయనకు ఆయన చెప్పిన సలహా నేను అరుగు మీదే విన్నాను. "వద్దని చెప్పొద్దప్పా. సన్మానం చెయ్." నాకు చాలా మంచి సలహా అనిపించింది.

అక్కకూ అలాగే అనిపించింది. సన్మానం చేస్తున్నారంటే ఇక పంపుతున్నట్టే కదా. గదిలోంచి బయటికొచ్చి, అన్నం తిని, కాన్వాసు బూట్లు తెల్లగా ఉతికి మిద్దె మీద ఆరబెట్టింది. "హైదరాబాదు నుంచి నీకేం తేవాల పాపా?" అని అడిగింది. గాజులు అడిగాను. "ఆడేదానికి పోతాంటే గాజులేంది, నీ తలకాయ" అని నవ్వింది.

సన్మానం కల్యాణ మండపంలో జరిగింది. మైకు సెట్టు, పూలదండలు, కాలేజీ ప్రిన్సిపాలు, ఆటల మేడమ్, తోటల దగ్గరి చిన్నాయనలు అందరూ వచ్చారు. అక్కకు పట్టుచీర కట్టి, నడుమ పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. మెడ నిండా దండలు, భుజాల మీద శాలువా. నేను వేదిక మెట్ల మీద, జేజినాయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆయన మైకు అందుకుని ఆమె ఆటను పొగడడం మొదలుపెట్టాడు. ఒక్క మ్యాచ్ కూడా చూడని మనిషి, చూసినట్టే చెప్పాడు. తర్వాత అక్క తల మీద చెయ్యి పెట్టాడు.

"ఈ బిడ్డ మొన్న నాతో ఒక మాట అనింది. తాతా, ఆడాల్సినంత ఆడినాను, మా నాయన పేరు నిలబెట్టినాను, ఇంక సాలు అనింది. ఇంత గ్యానం మనకు యాడిది?"

అక్క తలెత్తి చూసింది. ఆమె మొహం నాకు బాగా దగ్గరగా ఉంది. "నేనట్ల అన్లేదు తాతా" అంది. "నేను క్యాంపుకు పోవాల."

గొంతు చిన్నదేమీ కాదు. కోర్టులో అరిచే గొంతే, కాస్త వణికింది అంతే. కానీ మైకు జేజినాయన చేతిలో ఉంది. ఆయన తడుముకోలేదు. "సూడండి, నాయన మీద ప్రేమతో కండ్లలో నీళ్లు పెట్టుకుంటాండాది" అని తానే ముందు చప్పట్లు కొట్టాడు. మండపమంతా కొట్టింది. ఆటల మేడమ్ కూడా కొట్టింది.

ఇంటికి పోతూ రిక్షాలో అడిగాను. "అక్క అన్లేదు అనె గదా జేజినాయనా?"

"ఎవురికినపడింది?"

"నాకు."

"నీకొక్కదానికి ఇనపడితే అది మాట గాదు మే." ఆయనకు కోపం రాలేదు. ముచ్చటపడి, నాకొక విద్య నేర్పుతున్నట్టే చెప్పాడు. "గదిలో పెట్టి తాళమేస్తే కిటికీలో నుంచి దూకుతాది. కుర్చీలో పెట్టి దండేస్తే యాడికి దూకుతాది?" దారిలో రిక్షా ఆపించి నాకు మైసూరుపాకు కొనిచ్చాడు. నా మీద ఆయనకు ప్రాణం. ఆ సంగతి అబద్ధం కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత అక్క వాళ్లమ్మతో నేననలేదని ఏడ్చింది. "నలుగురిలో అయిపోయింది గదా తల్లీ, ఇప్పుడు కాదంటే తాత మొహం ఏం గావాల?" అని వాళ్లమ్మ తల నిమిరింది. ఆటల మేడమ్ ఇంటికి వస్తే నాయన కాఫీ ఇచ్చి, "మీరూ ఉంటిరి గదమ్మా, మీరూ సంతోషంగా సప్పట్లు కొడితిరి గదా" అన్నాడు. ఆమె కాఫీ సగంలోనే వదిలి లేచిపోయింది. క్యాంపుకు కర్నూలు పిల్ల ఒకామె పోయింది. మా వీధికి తెల్లవారినట్టు తెలియడం మానేసింది.

ఇప్పుడు నన్ను అందరూ నోరున్నదని అంటారు. ఆఫీసు మీటింగుల్లో ఎవరైనా లేచి "ఆమె ఒప్పుకుంది" అంటే, ఆ ఆమె నోటితో వినేదాకా నేను కూర్చోను. ఒకామె రిటైర్మెంటు సభలో, ఆమె ఇక మనవళ్లతో హాయిగా గడపాలనుకుంటోందని ఎవరో అంటే, ఆమెనే అడగమని లేచాను. ట్యూషన్లు పెట్టుకుంటానని ఆమె చెప్పింది. మా ఆయనకు నన్ను సభలకు తీసుకుపోవడమంటే భయం. ఉండనీ.

పోయినేడు రాజంపేటలో ఒక పెళ్లిలో అక్క కనపడింది. మోకాళ్ల నొప్పులంట, గోడ పట్టుకుని నడుస్తోంది. పొడుగు మాత్రం తగ్గలేదు. భోజనాల దగ్గర పక్కన కూర్చుని ఆ సన్మానం ఎత్తాను. నాకు తప్ప ఎవరికీ వినపడని ఆ మాట ఇన్నేళ్లకు ఆమెకు తిరిగి అప్పజెబుదామనుకున్నాను.

"నన్ను ఎవురూ ఆపలేదు పాపా" అంది అక్క, తీరిగ్గా అన్నం కలుపుకుంటూ. "నేనే సాలనుకుంటి. మీ తాతతో ముందే చెప్పింటి గదా."

"చెప్పలేదక్కా. అన్లేదు అన్నావు, నేను పక్కనే ఉన్నా."

"నువ్వప్పుడు ఇంత పిల్లవు. నీకేం తెలుసు?" అని నా ఆకులో ఇంకొక బూరె వేయించింది.

జేజినాయన పని అంత బాగా జరిగిందని నాకప్పటిదాకా తెలియదు. అక్కను తప్పుపట్టను. ఆమె ఆ మనుషుల మధ్యే ఇన్నేళ్లు బతకాల్సి వచ్చింది, వాళ్ల మాటను తన మాట చేసుకుంటే తప్ప ఎట్లా బతుకుతుంది? నాకు ఆ అవసరం రాలేదు. పట్టుచీరలో, దండల కింద, క్యాంపుకు పోవాలన్న ఆ డిగ్రీ పిల్ల పక్షాన నేను ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను. ఆ రోజు పెళ్లిలో అన్నం చల్లారిపోయేదాకా వాదించాను, అక్కతోనే.