మొదటి ఎత్తు తేలేదాకా

అన్నయ్య కంప్యూటర్ రిపేరు షాపు వెనకగదిలో, ఎవరూ తిరిగి తీసుకెళ్లని పాత కంప్యూటర్లు ఎనిమిది ఉండేవి. వాటిలో ఒకదాని మీద చెల్లెలు చదరంగం ఆడే ప్రోగ్రాం రాసింది. అది బాగా ఆలోచించేది, కానీ మరీ నింపాదిగా. పోయిన పోటీలో గెలుపు చేతిలో ఉండగానే గడువు దాటి ఓడిపోయింది.

"ఈసారీ గడువు దాటిందా, ఈ డబ్బాలన్నీ అమ్మేస్తాను," అన్నాడు అన్నయ్య. "చివరి ఎత్తు దాకా నిలబడిందా, ఇవన్నీ నీకే."

"మాట మీద ఉంటావా?"

"నీ మొండితనం మీద ఒట్టు."

ఎనిమిదింటినీ తీగలతో కలిపితే ఎనిమిది రెట్లు వేగం వస్తుందనుకుంది చెల్లెలు. వేయదగ్గ ఎత్తులను పేకముక్కల్లా వాటికి పంచింది. రెండు రెట్లు కూడా రాలేదు. ఫ్యాన్లు మాత్రం వాన ముందు గాలిలా హోరెత్తాయి.

గుమ్మంలో అన్నయ్య పగలబడి నవ్వాడు. "ఒక కూరకి ఎనిమిది మంది వంటవాళ్లు! ఉప్పు పడిందో లేదో ఒకళ్లకీ తెలీదు."

"నువ్వెళ్లి స్క్రూలు ఏరుకో అన్నయ్యా," అంది గానీ, ఆ మాట ఆమెను వదల్లేదు. ఒక్క కంప్యూటరే ఆడినప్పుడు ముందు ఒక మంచి ఎత్తు తేలేది. దానికంటే తీసికట్టువాటిని చూడగానే వదిలేసేది. ఇప్పుడు ఆ సంగతి తెలియక, మిగతా ఏడూ పనికిరాని దారులన్నీ కొసదాకా నడిచి వస్తున్నాయి.

తిరగరాసింది. ఒక కంప్యూటర్ ముందుగా చూసే మొదటి ఎత్తు విలువ తేలేదాకా మిగతావి ఆగాలి. తేలాక, ఆ విలువ పట్టుకుని పని పంచుకోవాలి. వేగం మూడు రెట్లయి, అక్కడే ఆగిపోయింది. ఐదు కంప్యూటర్లయినా అంతే, ఎనిమిదైనా అంతే. ఎంతమంది కిటికీ దగ్గర నిలబడినా తెల్లవారడం త్వరపడదు.

మూడింటి తీగలు విప్పి, దుమ్ము తుడిచి, తానే ముందుగదిలో పెట్టింది.

"అప్పుడే చేతులెత్తేశావా?"

"ఇవి ఊరికే కూర్చుంటున్నాయి, అమ్ముకో. ఆ ఐదింటి జోలికి మాత్రం వచ్చావో!"

ఇక ఆమె పట్టంతా మొదటి ఎత్తు మీదే. దాన్ని సరిగ్గా ఎంచుకోవడం నేర్పితే, మిగతా వెతుకులాట దానంతటదే తగ్గుతుంది. నేర్పింది, చెరిపింది, మళ్లీ నేర్పింది.

పోటీలో ప్రోగ్రాం ఓడింది. కానీ చివరి ఎత్తు వేసేటప్పటికి గడువు ఇంకా మిగిలే ఉంది.

అన్నయ్య తీగల మీద చెయ్యి వేయలేదు. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఎక్కడ దెబ్బతిన్నామే?"

"అదే చూస్తున్నా. కాస్త వెలుతురుకి అడ్డం తప్పుకో," అని, ఓడిన ఆటను మొదటి ఎత్తు నుంచి తెర మీద పేర్చడం మొదలుపెట్టింది.