ఎడమ నుంచి కుడికి

ఉమ్మడి రాష్ట్రం ఉన్న రోజుల్లో కార్ఖానా అనే పేటలో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. పని కొంచెం వచ్చు, పొగరు ఎక్కువ వచ్చు.

తిరుమలగిరి నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చేవారు. గుంటూరు వైపు మనిషి. దేవుడు తమ బతుకుల్ని ఎలా నడిపించాడో వాళ్ళ చర్చిలో ముసలివాళ్ళు చెప్పే సాక్ష్యాలను చర్చి వెబ్‌సైటులో పెట్టాలని ఆవిడ తపన. ఇంటింటికీ తిరిగి కాగితాల మీద రాసుకొచ్చి, మా దగ్గర కూర్చుని ఒంటివేలితో టైపు చేసి, సర్వర్‌లో ఉన్న ఒకే పొడుగాటి పేజీకి కింద చేర్చేవారు.

"ఈ కాగితాలు దాచమంటారా బాబూ?" అని ఒకసారి అడిగారు.

"ఎందుకు మేడం? సర్వర్‌ల సేఫ్‌గా ఉంటయి, పారేయండి" అన్నాను. ఆవిడ నా ఎదుటే చింపి బుట్టలో వేశారు. ఆ తర్వాత ప్రతిసారీ అలాగే చేశారు.

ఫైళ్ళు పంపే తెర రెండు సగాలుగా ఉండేది. ఎడమవైపు మా కంప్యూటర్, కుడివైపు ఎక్కడో ఉన్న సర్వర్. వారానికోసారి అక్కడివన్నీ మా కంప్యూటర్లోకి దించి దాచాలి. మూడు నెలలుగా నేను ఆ పని చెయ్యలేదు. ఒక శనివారం మొదటి పేజీ రంగు మార్చాను. ఆ ఒక్క ఫైలు వెతికి పంపడానికి బద్ధకించి, ఫోల్డరు మొత్తం ఎడమ నుంచి కుడికి లాగి పడేశాను. పాతవి తీసేసి వీటిని పెట్టమంటావా అని కంప్యూటర్ అడిగింది. చదవకుండానే అన్నింటికీ సరే కొట్టాను.

సోమవారం టీచరమ్మ పేజీ తెరిచారు. మూడు నెలల కిందటి రెండే సాక్ష్యాలు ఉన్నాయి.

"మిగతావేవి బాబూ?"

శనివారం లాగి పడేసిన ఫోల్డరు గుర్తొచ్చింది. నోరు మాత్రం ఆగలేదు. "సర్వర్ కంపెనీల ఎవరో కొత్తగ చేరినతను పొరపాటున తుడిచేసిండంట మేడం."

ఆవిడ పేజీని కిందిదాకా మళ్ళీ జరిపి చూశారు. సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఒకాయన అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"పాపం, అతన్ని పనిలోంచి తీసేస్తారా?" అన్నారు.

"ఏమో మేడం."

బుధవారం వాళ్ళింట్లో ప్రార్థన కూడికకు నన్నూ రమ్మన్నారు. కాదనే ముఖం నాకు లేదు. వెళ్ళి చాప మీద తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అప్పుడు పడ్డ సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

అందరూ కళ్ళు మూసుకున్నాక ఆవిడ ప్రార్థన మొదలుపెట్టారు. పోయిన సాక్ష్యాల గురించి ఒక్క మాటా అడగలేదు.

"తండ్రీ, ఆ బిడ్డ కావాలని చెయ్యలేదయ్యా. అతని ఉద్యోగం కాపాడు. అతను భయపడుతూ ఉంటాడు, ఆ భయం తీసెయ్యి ప్రభువా."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, పక్కవాళ్ళకి వినబడేలా.