తుంపర మామ బదిలీ

ఇనుప రేకుల కర్మాగారంలో ఆయన అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ తుంపర మామే. కొలిమిలోంచి ఎర్రగా కాలి వచ్చే రేకుల మీద నీళ్ళు చిమ్మి చల్లార్చడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా ఒక పక్క సెగ, ఇంకో పక్క ఆవిరి. మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. అందుకే సామాన్ల గదికి బదిలీ అడిగాడు. అక్కడ కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది. కాగితం మీద మేనేజరు సంతకం ఒక్కటే మిగిలింది.

"సంతకం పడేదాకా నోరు మెదపకండి. అసలే మీ నోట్లో నువ్వుగింజ నానదు," అంది భార్య, క్యారేజీ చేతికిస్తూ.

సరిగ్గా ఆ వారమే రేకులు వంకర తిరగడం మొదలైంది. కొత్త ఇంజినీరమ్మ కష్టపడే పిల్లే. సరిగా చల్లారడం లేదని నీళ్ళు పెంచింది. వంకర ఇంకా పెరిగింది. మళ్ళీ పెంచింది. కారణం మామకు తెలుసు. పోసిన నీళ్ళు రేకు మీదే మడుగు కట్టి, అడుగున ఆవిరి పొర పట్టి, కొత్త చుక్కను ఇనుము దాకా పోనివ్వడం లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి పద్నాలుగు రేకులు తుక్కు కుప్పలో చేరాయి. ఇంజినీరమ్మ మెట్ల మీద కూలబడి, చేతి తొడుగులతోనే కళ్ళు తుడుచుకుంది. మామకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"పెంచకమ్మా, తగ్గించు," అన్నాడు. "నీళ్ళు చిమ్మే నాజిళ్ళు కాస్త పక్కకి వంచు. కొత్త నీళ్ళు పాత నీళ్ళని అంచు దాకా తోసేయాలి. దారి ఇస్తేనే కదా చుక్క ఇనుముకి తగిలేది!"

స్పానర్ కూడా ఆయనే పట్టాడు. సాయంత్రానికి రేకులు బల్లపరుపుగా వచ్చాయి, అదీ మూడో వంతు నీళ్ళు తగ్గించి. మేనేజరు పరుగున వచ్చి భుజం తట్టాడు. జేబులోంచి బదిలీ కాగితం తీసి, సంతకం చేయకుండానే మామ చేతిలో పెట్టాడు.

"నిన్ను వదులుకుంటే నా కొంప మునుగుతుంది మామా. ఈ పని నీలాగా ఇంకెవడు చేస్తాడు చెప్పు?"

ఇంటి మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చేసరికి భార్య తలుపు దగ్గరే ఉంది.

"సంతకం పడిందా?"

"రేకులు బాగా వచ్చాయే," అన్నాడు.

ఆమెకు అర్థమైంది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెప్పులు విప్పడానికి వంగలేక గోడ పట్టుకున్న మనిషిని చూసి, తనే కూర్చుని విప్పింది.

"ఎంత బాగా వచ్చాయి?" అని అడిగింది.

మామ అరచెయ్యి చాచి, బల్లపరుపుగా పట్టి చూపించాడు.