మొదటి గడిలో మడకం

లామినేషన్ యంత్రం వేడెక్కగానే వచ్చే ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొంటాలో నేను నడిపే ఆన్‌లైన్ సెంటర్‌లో రోజుకు పదిసార్లయినా ఆ వాసన వస్తుంది, కాబట్టి రోజుకు పదిసార్లయినా మండుతుంది. మొన్న అలా ఒక కార్డు యంత్రంలో పెడుతుండగా రాయ్‌పూర్ నుంచి ఒక మేడమ్ వచ్చింది. మెడలో గుర్తింపు బిళ్ళ, వెనక కెమెరా పట్టుకున్న మనిషి. మా వైపు ఆడవాళ్ళు కంప్యూటర్ దాకా ఎలా వచ్చారో వీడియో తీస్తున్నారట. "మీకు ప్రేరణ ఏమిటి దీదీ?" అని హిందీలో అడిగింది. కల అనో, మా నాన్న ఆశయం అనో చెబుతానని ఆమె ముఖంలో నవ్వు ముందే సిద్ధంగా ఉంది. "కోపం" అన్నాను. కొంచెం నవ్వుతూ చెప్పమంది. నేను నవ్వలేదు. ఆమె కెమెరా మూయించి, నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఆమెకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ కోపం మొదట నాది కాదు, ముత్తక్కది. ముత్తక్క పోయి రెండు వానాకాలాలయింది.

నా సంగతి చెప్పాలంటే, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నది తిరిగే కుర్చీ కోసం. మాది కిరాణా కుటుంబం. బెల్లం జిగురు, ఎండుమిరప ఘాటు మధ్య పెరిగాను. పన్నెండో తరగతి అయిన ఏడాది చిన్నాన్న బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్ తెరిచి, "నువ్వొచ్చి కూసో సుజాతా" అన్నాడు. ఫ్యాను కింద తిరిగే కుర్చీ, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే జనం. నాకంటే రెండింతల వయసున్న మగవాళ్ళు "మేడమ్" అని పిలిస్తే పొంగిపోయేదాన్ని. ఎవరి పేరు కొడుతున్నానో, దానితో వాళ్ళకు ఏం పని పడుతుందో నాకు పట్టేది కాదు. ఎంత వేగంగా కొడుతున్నానన్నదే లెక్క.

ఆ వేసవిలో రేషన్ కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఉత్తర్వు వచ్చింది. శబరి నది ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లె నుంచి పదిమంది దోర్ల తెగ ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ముత్తక్క వచ్చింది. అక్కడ అంగన్‌వాడీ నడిపేది ఆమే. యాభై దాటిన మనిషి, పొట్టి, గొంతు మాత్రం రోడ్డు అవతలికి వినబడుతుంది. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివింది కాబట్టి హిందీ చదవగలదు. వాళ్ళతో దోర్లిలో, మాతో తెలుగులో మాట్లాడేది. కంప్యూటర్‌లో పేరెక్కితే బియ్యం ఎవడూ ఆపలేడని నచ్చజెప్పి, కూలి మానిపించి, వాళ్ళను నడిపించి తెచ్చింది. వరసలో ముందు తనే నిలబడింది.

పదకొండు మందిదీ ఒకే ఇంటిపేరు, మడకం. మడకం ముత్తమ్మ, మడకం దేవే, మడకం ఉంగి. మాలాగే వాళ్ళకూ ఇంటిపేరే ముందు. తెర మీది ఫారంలో మాత్రం మొదటి గడి పేరుకు, రెండో గడి ఇంటిపేరుకు. నా వేళ్ళు ఆగాయి.

"చిన్నాన్నా, మడకం అంటే ఇంటిపేరు గదా. రెండో గడిల కొట్టాల్నా?"

చిన్నాన్న ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "కాయితం మీద ఏది ముందుంటే అది ముందు కొట్టు. నిన్ను ఆలోచించుమని ఎవలన్నరు? బయట లైను జూడు" అన్నాడు.

కొట్టాను. మొదటి గడిలో మడకం, పదకొండు సార్లు. తెలియక కొట్టలేదు. మా ఇంటిపేరును నా పేరుగా ఎవరైనా రాస్తే గొడవ చేసి మార్పించుకునేదాన్ని. అవి వాళ్ళ పేర్లు కాబట్టి ఊరుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అచ్చయిన చీటీలకు లామినేషన్ చేసి, అంచులు కత్తిరించి, ముచ్చటగా చేతుల్లో పెట్టాను. అందరికంటే ముసలామె ఉంగి. ఆ వేడి కార్డును చెంపకు ఆనించుకుని నన్ను చూసి నవ్వింది.

రెండు నెలలు తిరగకుండానే ముత్తక్క ఒక్కతే వచ్చింది. వరసను తోసుకుని లోపలికొచ్చి, పదకొండు కార్డులూ నా బల్ల మీద విసిరికొట్టింది.

"ఏందే పిల్లా ఇది? పది ఇండ్లకు బియ్యం బందయింది!"

ఒకే ఊళ్ళో ఒకే పేరు పదకొండు సార్లు కనబడేసరికి, పైన ఎవరో ఒకటి ఉంచి పదింటిని దొంగపేర్లుగా కొట్టేశారు. యంత్రం మొదటి గడి మాత్రమే చూసింది. ఉంచిన ఆ ఒక్కటి, వరసలో ముందు నిలబడిన ముత్తక్కది.

"నా ఇంట్ల అన్నం ఉడుకుతాంటే పక్కింటోళ్ళు తలుపేసుకుంటున్నరు. నేనే మతలబు జేసి నా పేరు ఉంచుకున్ననట. నేను తోలుకొచ్చిన ఆడోళ్ళే అంటున్నరు. నేను మొకం ఏడ బెట్టుకోవాలె?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. నాకు దానికే ఎక్కువ భయం వేసింది. "నువ్వు తెలుగుపిల్లవు. ఇంటిపేరు ముందొస్తదని నీకు తెల్వదా?"

"కంప్యూటర్ల అట్లనే ఉంటదక్కా" అన్నాను.

"కంప్యూటర్‌కు చేతులున్నయా? కొట్టినయి నీ చేతులే గదా."

ఆ తర్వాత ఆమెను తిప్పిన తిప్పుడు తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. జిల్లా ఆఫీసులో గుమాస్తా బాబు ఆన్‌లైన్‌లో దిద్దించుకోమన్నాడు. మా దగ్గరికి వస్తే చిన్నాన్న, అది ఆఫీసువాళ్ళే దిద్దాలన్నాడు. మళ్ళీ బస్సెక్కి పోతే సర్వర్ లేదన్నారు. ఇంకోసారి పోతే సాహెబ్ లేడన్నారు. ప్రతిసారీ అంగన్‌వాడీ పిల్లలను ఎవరికో అప్పగించి, పొద్దున బయల్దేరి, ఉత్త చేతులతో తిరిగొచ్చేది. తనకొచ్చే బియ్యాన్ని గ్లాసుతో పదకొండిళ్ళకు పంచేది. తలుపులేసుకున్నవాళ్ళకు గడప మీద పెట్టి వచ్చేది. నేను ఇదంతా చూస్తూ ఆ తిరిగే కుర్చీలో కూర్చున్నాను. దిద్దే దారి తెర మీదే ఉంది. చిన్నాన్న వద్దన్నాడని ముట్టుకోలేదు. నా పిరికితనానికి అప్పట్లో నేను పెట్టుకున్న పేరు మర్యాద.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, చిన్నాన్న భోజనానికి వెళ్ళిన వేళ, ముత్తక్క తడిసిన గొడుగు మూలన పెట్టి నా పక్కన నిలబడింది.

"జరుగు" అంది.

"ఏందక్కా?"

"నువ్వు కొట్టవు, ఆడు కొట్టడు. నేనే కొట్టుకుంట. నేర్పు."

ఒక మనిషి కంప్యూటర్ నేర్చుకోవడానికి పూనుకోవడం నేను కళ్ళారా చూసింది అప్పుడే. చిన్నాన్న తిని, కునుకు తీసి వచ్చేలోపు రోజూ రెండు గంటలు. మౌసు బల్ల అంచు దాకా పారిపోయేది, ఆమె దాన్ని దోర్లిలో తిట్టి వెనక్కి లాగేది. ఒక్క వేలితో, రోకటితో దంచినట్టు కొట్టేది. "మెల్లగ అక్కా, పాడైతది" అంటే, "పాడుగానీ, నా ఊరే పాడైంది" అనేది. పదిహేను రోజులు తిరిగేసరికి ఫారం తెరవడం, గడులు మార్చడం, భద్రం చేయడం వచ్చేసింది. నన్ను మెచ్చుకోలేదు, నా మెప్పూ అడగలేదు.

పేర్లు దిద్దేటప్పుడు మాత్రం తొందరపడలేదు. రోజుకు ఒకామెను పిలిపించి పక్కన కూర్చోబెట్టుకునేది. "నీ నోటితోని నీ పేరు జెప్పు" అని దోర్లిలో అడిగి, కొట్టి, తెరను ఆమె వైపు తిప్పి, వేలు పెట్టి చదివి వినిపించి, ఆమె తలూపాకే బటన్ నొక్కేది. కాగితం మీద ఉంది కదా, ఎందుకిదంతా అన్నాను. "కాయితం జూసే గదా నువ్వు కొట్టినవ్" అంది.

ఆఖరున ఉంగి వచ్చింది. జ్వరం పడి లేచింది, కర్ర పట్టుకుని వానలో నడిచొచ్చింది. ముత్తక్క ఆమె పేరు కొడుతుండగా చిన్నాన్న ఆరోజు పెందలాడే వచ్చాడు.

"ఏందిది? ఈమెను కుర్చీల కూసోబెట్టినవా? దుకాణమా, సంతనా ఇది? లెవ్వు!"

ముత్తక్క తల తిప్పలేదు. "ఒక్క నిమిషం ఆగు సేటు. ఇంకొక్క గడి ఉన్నది."

ఆయన స్విచ్‌బోర్డు వైపు చెయ్యి చాచాడు. అది ఆపితే ఉంగి పేరు మళ్ళీ మొదటికొస్తుంది. నేను వెళ్ళి స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాను. "ముట్టకు చిన్నాన్నా. తప్పు కొట్టింది నేను, కొట్టుమన్నది నువ్వు" అన్నాను. నా వెనక బటన్ నొక్కిన చప్పుడు వినబడింది. రేపటి నుంచి రావద్దని చిన్నాన్న అన్నాడు. సరే అన్నాను. ముత్తక్క గొడుగు తీసుకుని, ఉంగి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే ఆ మేడమ్ వీడియోకు సరిపోయేది. కానీ దిద్దిన పేర్లు మంజూరు కావాలి. పది పేర్లు చూసి ఊఁ అనడానికి ఆఫీసుకు చలికాలం దాకా పట్టింది. తొమ్మిది వచ్చాయి, ఒకటి ఆగింది. ఫారంలో నా నంబరు ఇచ్చాం కాబట్టి ఒకరోజు ఫోను మోగింది. ఉంగి పేరు మంజూరైందని సందేశం. ఆటో దొరికినంత దూరం ఆటోలో, తర్వాత నడుస్తూ, దారంతా నవ్వుకుంటూ పల్లెకు పోయాను. ముత్తక్క అంగన్‌వాడీలో పిల్లలకు కిచిడీ వడ్డిస్తోంది. ఫోను ఆమె ముందు పెట్టాను. చదివింది. గరిటె కింద పెట్టలేదు.

"ఉంగి పోయి తొమ్మిది రోజులాయె" అంది.

జ్వరం తిరగబెట్టిందన్నారు. జ్వరమనే రాసుకుంటారు. ఆకలి అని రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. నేను అక్కడే గోడకు ఆనుకుని కూలబడి, "మాఫ్ చెయ్ అక్కా" అని ఏడ్చాను.

"మాఫీ నన్నడుగుతవేంది? నాకేమైంది? అడిగితే ఉంగినడుగు." చివరి పిల్లాడి గిన్నెలో వడ్డించి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా నిలబడింది. "ఇంక మూడు పల్లెలల్ల పేర్లు ఇట్లనే పోయినయి. పాత మిషన్ యాడ దొరుకుతదో జూడు. సోమారం వస్త."

సోమవారం వచ్చింది. ఒక గది చూసుకుని, సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఒకటి పెట్టుకుని మొదలుపెట్టాం. పోయేదాకా ప్రతి సోమవారం మధ్యాహ్నం నా పక్కన కూర్చుని పేర్లు దిద్దింది. నా టీలో చక్కెర ఎంతో ఆమెకు తెలుసు, నేను విసుక్కుంటే మోచేత్తో పొడిచేది, నా పెళ్ళిలో అందరికంటే గట్టిగా అరిచి పాడింది. మాఫ్ చేశానని మాత్రం ఒక్కనాడూ అనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. ఎవర్ని అడగాలో చెప్పింది కదా. ఉంగి శబరి ఒడ్డున మట్టిలో ఉంది.