తాను రాసిన పేజీని తానే తీసేయించిన రాజేశం సార్

మా ఆఫీసు కిటికీ కింద, సిగ్నల్ దగ్గర, పెద్ద లారీ ఏదైనా ఆగినప్పుడు బ్రేకుల్లోంచి గాలి బుస్సుమంటుంది. ఆ చప్పుడు వింటే కీబోర్డు మీద నా వేళ్ళు ఒక్క క్షణం నిలిచిపోతాయి. పక్కన కూర్చునేవాళ్ళకి అది రోజూ ఉండే రోడ్డు గోలే. నాకు మాత్రం సూరత్ పక్కన హజీరాలో, ఎర్రటి ఎండలో, ప్లాంటు గేటు ముందు వరసగా నిలబడ్డ ఆరు ఆక్సిజన్ ట్యాంకర్లు కనిపిస్తాయి. వాటి మధ్య నుంచి, చెమటకు తడిసిన మాస్కు సర్దుకుంటూ, చేతిలో కాగితాల అట్టతో నడిచొచ్చే రాజేశం సార్ కనిపిస్తారు.

ఆయన నా మొదటి పైఅధికారి. కరోనాకు ఏడాది ముందు నేను కాకినాడ నుంచి వెళ్ళి ఆ ప్లాంటులో కంప్యూటర్ల విభాగంలో చేరాను. ఆ విభాగమంటే ఆయనా, నేనూ, ఇంకో ఇద్దరూ. సార్ తండ్రి సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డాడట. సార్ పుట్టి పెరిగింది అక్కడే. సగం తెలుగు, సగం హిందీ, లెక్కలు మాత్రం గుజరాతీలో. నేను మొదటి రోజు "నమస్కారమండీ" అంటే, "ఏంది బిడ్డా, గంత దూరంకెళ్ళి వచ్చినవు, ముందు చాయ్ తాగు" అన్నారు. నిజం చెప్పాలంటే, లావు కళ్ళద్దాల ఆ మనిషిని చూసి, ఈయన దగ్గర నేర్చుకోవడానికి ఏముంటుందిలే అనుకున్నాను.

మధ్యాహ్నం డబ్బా విప్పినప్పుడల్లా ఆయన పాత సంగతులు చెప్పేవారు. తాను మొట్టమొదట చూసిన బ్రౌజర్ గుర్తు ఓడ చుక్కాని చక్రంలా ఉండేదట. దాన్ని తయారుచేసిన కంపెనీ లోకాన్నే ఏలేస్తుందని అందరూ అన్నారట. కొన్నేళ్ళు తిరగకముందే కంప్యూటర్‌తోపాటు ఊరికే వచ్చే నీలం రంగు 'ఈ' అక్షరం దాన్ని తుడిచిపెట్టేసింది. ఆ తర్వాత తోకలో నిప్పున్న నక్క వచ్చింది, ఆ తర్వాత రంగురంగుల చక్రం. "మా బాపు నేసే చీరల తీరే బిడ్డా ఇది. ఈ దివాళీకి బజార్ల ఒకటే డిజైన్ అడుగుతరు. మళ్ళొచ్చే దివాళీకి అదే చీరను అగ్గువకు లాట్ల అమ్ముకుంటరు" అనేవారు. నేను నవ్వుతూ వినేదాన్ని. అవి కబుర్లే అనుకున్నాను.

కరోనా వచ్చిన రెండో ఏడు వేసవిలో అది మళ్ళీ విరుచుకుపడింది. మా ప్లాంటు ఆక్సిజన్ అంతా ఆసుపత్రులకే వెళ్ళేది. ట్యాంకర్ నిండాక గేటు దగ్గర కాటా మీద తూచాలి. ఆ బరువును కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచే ఒక పేజీ తనంతట తానే చదువుకుని చీటీ అచ్చు వేస్తుంది. చీటీ లేనిదే బండి గేటు దాటదు. అలాంటి రోజుల్లో ఒక ఉదయం, కంప్యూటర్లన్నిటిలో పాత బ్రౌజర్ తీసేసి కొత్తది పెట్టమని, పాతదాంట్లోంచి దొంగలు చొరబడుతున్నారని, హెడ్డాఫీసు నుంచి ఆదేశం వచ్చింది. నేను సూరత్ ఊళ్ళో, అడాజన్‌లోని నా గది నుంచే అన్నిటికీ అప్‌డేట్ పంపేశాను. కాటా గది కంప్యూటర్‌కి కూడా.

గంట తిరక్కుండానే కాటా గదిలో పనిచేసే జయేశ్ భాయ్ ఫోన్ చేశాడు. పేజీ తెల్లగా వస్తోంది, బరువు రావడం లేదు, బళ్ళు ఆగిపోయాయి అన్నాడు. నేను స్కూటీ మీద చేరేసరికి సార్ అప్పటికే అక్కడున్నారు. ఆరు బళ్ళూ ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి. ఒక డ్రైవరు ఫోన్‌లో ఎవరికో "వస్తున్నాం, వస్తున్నాం" అని చెబుతూనే ఉన్నాడు.

"పాత బ్రౌజర్ మళ్ళీ పెట్టేస్తానండీ, పావుగంట చాలు" అన్నాను, ఏడుపు గొంతుతో.

ఆయన తల అడ్డంగా ఊపారు. "పావుగంటల ఎక్కకపోతే? జర ఆగు. తూచేది కాటా. కంప్యూటర్ కాదు." అని కాటా గది బయటి గోడ మీది పెట్టెలో ఎర్ర అంకెలు చూపించారు. బరువు అక్కడ కనిపిస్తూనే ఉంది! కంగారులో అంతమందిమీ ఆ పెట్టె వంక చూడనే లేదు. సార్ అట్ట మీద కాగితం పెట్టి, అంకె చదివి, చేత్తో చీటీ రాసి సంతకం చేశారు. జయేశ్ భాయ్ చేత, నా చేత కూడా సాక్షి సంతకాలు పెట్టించారు. ఒక్కొక్క బండీ బుస్సుమంటూ బ్రేకు వదిలి కదిలింది. ఆరోది గేటు దాటేదాకా ఆయన నీడలోకి రాలేదు.

అప్పుడొచ్చారు ప్లాంటు పెద్ద. "ఎవరు నొక్కారు ఆ అప్‌డేట్?" అని హిందీలో అరిచారు. నేను నోరు తెరిచేలోపే సార్ ముందుకొచ్చారు. ఆయనా హిందీలోనే జవాబిచ్చారు. కానీ ఆ మాటలు నాకు ఇప్పటికీ ఆయన తెలుగులోనే వినిపిస్తాయి.

"నొక్కింది ఈమెనే. చెయ్యమన్న పని చేసింది. తప్పు నాది. ఇరవై ఏండ్ల కింద ఆ పేజీ నేనే రాసిన. ఒక్క నీలం బ్రౌజర్‌లనే నడిచేటట్టు రాసిన. గప్పుడు అదే గెలిచింది. గెలిచినోన్ని నమ్ముకున్న. ఎవ్వడూ ఎల్లకాలం గెలవడన్న సంగతి మర్చిన."

అరవైకి దగ్గరపడ్డ మనిషి, గేటు కాపలావాళ్ళు వింటుండగా, ఎవరూ అడగని ఇరవై ఏళ్ళ నాటి తప్పును తన నెత్తిన వేసుకున్నాడు. ఆ పేజీ ఎవరు రాశారో అక్కడెవరికీ తెలియదు. ఆయన చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. అంత పెద్ద మనిషిని నేను అంతకుముందు చూడలేదు. పెద్ద మాట కూడా ఏమీ అనలేదాయన. "మూడు రోజులియ్యురి. అప్పటిదాక చేత్తో రాస్తం" అన్నారంతే.

ఆ మూడు రోజులూ కాటా గదిలోనే కూర్చుని పేజీ మళ్ళీ రాశాం. తన పాత రాతను వరస వరసా నాకు విప్పి చెప్పారు. ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ తెలివి చూపించానని మురిసిపోయారో, అదీ చెప్పారు. పని అయిందనుకున్నాక కూడా వదల్లేదు. దొరికిన ప్రతి బ్రౌజర్‌లో తెరిపించారు. చివరికి ఒక డ్రైవరు దగ్గరున్న, తెర పగిలిన చవక ఫోన్ అడిగి తీసుకుని దాంట్లోనూ చూశారు. "ఎవరి చేతుల ఏముంటదో మనకేం ఎరుక?" అన్నారు.

మూడో రోజు సాయంత్రం కొత్త పేజీ నుంచి మొదటి చీటీ అచ్చయింది. పాత పేజీ తీసేయమని నాతో అన్నారు. మీరే తీసేయండి సార్ అన్నాను. "నాకు ప్రేమ ఎక్కువైతది. ఓ మూలకు దాచిపెడ్త. నువ్వు తీసెయ్" అని పక్కకు జరిగి, నేను మీట నొక్కుతుంటే నిలబడి చూశారు.

మరుసటి ఏడు ఆ నీలం 'ఈ'ని దాని కంపెనీయే ఆపేసింది. ఫోన్లలో అన్నీ జోకులే. మా గదిలోనూ నవ్వుకుంటుంటే సార్ ఒక్కరే నవ్వలేదు. "నవ్వకురి. మన కాటా ఇరవై ఏండ్లు దాని మీదనే నడిచింది" అన్నారు. ఆ నెలాఖరుకే ఆయనా ఉద్యోగ విరమణ చేసి లింబాయత్ ఇంటికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఆసుపత్రుల కోసం పేజీలు రాస్తాను. నా కింద ఎనిమిది మంది ఉన్నారు. పోయిన నెల, డాక్టరు దగ్గర సమయం తీసుకునే పేజీ ఒకటి పాత ఫోన్లలో తెరుచుకోలేదు. ముసలివాళ్ళు కొందరు కౌంటరు దాకా వచ్చి, పేరు చెప్పి, సమయం దొరక్క తిరిగివెళ్ళారు. సమావేశంలో పెద్దలంతా ఉన్నారు, అందరూ కొత్తగా చేరిన అమ్మాయి వైపు చూస్తున్నారు. ఆ అమ్మాయి తల వంచుకుంది. ఆ పేజీని తను మార్చింది కొంచెమే. మొదట రాసింది నేను. అది ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు.

అయినా లేచి నిలబడ్డాను. "అది నేను రాసింది. ముందు, తిరిగివెళ్ళిన వాళ్ళ పేర్లివ్వండి. ఫోన్ చేసి పిలుస్తాను" అన్నాను.