అంటుకోవడం అనే మాట

మద్రాసు ఆస్పత్రిలో అమ్మ రొమ్ములోని గడ్డకు ఎక్స్‌రే కిరణాలతో వైద్యం చేశారు. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆమె గూడూరులో రైలు దిగి, బస్సులో మనుబోలు చేరేసరికి ఆ మాట మా ఇంటికి ముందే చేరింది.

"ఊరికింకా కరెంటు రాలా, నాకు మాత్రం పెట్టేసినారు," అని అమ్మ నవ్వింది. మేనత్త నవ్వలేదు. పురిటికి వచ్చిన అక్కకు, అమ్మ మద్రాసులో ఉండగానే ఆడపిల్ల పుట్టింది. అమ్మ ఆ బిడ్డను ఇంకా ఎత్తుకోలేదు.

"బిడ్డను ఇయ్యబాకమ్మే," అంది అత్త అక్కతో. "ఒంట్లో కరెంటుంటది. పసిగుడ్డు తట్టుకుంటదా?"

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు చదువుకుంటుండావు గదరా. ఎత్తుకోవచ్చా, కూడదా?"

నాకు తెలియదు. అప్పట్లో నెల్లూరు కాలేజీలో చదువుతున్నాను. ఎక్స్‌రేలు కణాల్లో పోగుల్లా ఉండే క్రోమోసోములను తెంచుతాయని ఆ మధ్యే పాఠంలో విన్నాను. కాలేజీకి వెళ్లి మా వృక్షశాస్త్రం మేష్టారిని అడిగాను. కిరణాలు ఒంట్లో నిలవవనీ, యంత్రం ఆపితే అంతటితో సరి అనీ చెప్పారు. ఆ తరువాత తనకు ఇష్టమైన సంగతిలోకి వెళ్లారు. క్రోమోసోము తెగితే ఆ తెగిన కొస మరో తెగిన కొసకు అతుక్కుంటుంది. పుట్టుకతో ఉన్న కొసలు మాత్రం దేనికీ అతుక్కోవు. ఎందుకని అడిగాను.

"ఇంకా ఎవరికీ తెలియదోయ్," అన్నారు.

అది తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కొసల్లో ఒకే చిన్న డీఎన్ఏ వరుస మళ్లీ మళ్లీ వస్తుంది. కొన్ని ప్రోటీన్లు దాన్ని పట్టుకుని కప్పి ఉంచుతాయి. అవి లేకపోతే కణం ఆ కొసను తెగిన చోటని పొరబడి, బాగుచేయబోయి, మరో కొసతో కలిపేస్తుంది. నేనిది చదివేనాటికి అమ్మ పోయింది. అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఇది ఎందుకు గుర్తొస్తుందో నాకు అర్థం కాదు.

పాఠం విన్నది ఇంగ్లీషులో. ఇంట్లో చెప్పవలసింది తెలుగులో. మేష్టారి దగ్గర్నుంచి తిరిగొచ్చి, కిరణాలు ఒంట్లో ఉండవు, ఎత్తుకోవచ్చు అన్నాను.

"మరి లోపల ఏం జేసిందిరా ఆ కరెంటు?" అంది అత్త.

"కొన్నిటిని తెంచుతుంది. తెగిన కొసలు అంటుకుంటాయి."

"చూస్తివా!" అత్త లేచి నిలబడింది. "అంటుకుంటదని వాడే చెప్తుండాడు."

"అంటురోగం కాదత్తా. లోపల్లోపలే ఒకదానికొకటి అంటుకుంటాయి. తెగని కొసలు అంటుకోవు."

"అవెందుకు అంటుకోవు?" ఈసారి అడిగింది అమ్మ.

"ఎవరికీ తెలియదంటమ్మా."

"అయితే తెలిసినాక ఎత్తుకుంటాలే," అంది అమ్మ. ఎగతాళో, నిజమో ముఖం చూసి పోల్చుకోలేకపోయాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడుందా అని వెతుక్కున్నాను. ఎక్కడా లేదు.

"మీ చదువులు తేలేలోపల దీనికి పెళ్లయిపోతది," అంటూ అక్క బిడ్డను తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ చేతులు రెండూ పైకెత్తేసింది. బిడ్డ మోకాలి మీదుగా పక్కకు జారసాగింది. అక్క కదల్లేదు. అమ్మే చటుక్కున పట్టుకోవలసి వచ్చింది.

పట్టుకుని నా వైపు చూసింది. ఏమీ కాదమ్మా అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. బిడ్డను మాత్రం తిరిగి ఇవ్వలేదు.