క్యాలెండర్ మీది సాక

మా దుకాణం క్యాలెండర్ గోడకు పెట్టుకున్నవాళ్లు చాలామంది దాని మీది ఫోటో బాగుందన్నారు. పాత సారా బట్టీలో, పొయ్యి ముందు కూర్చుని మా మేనత్త సాక పోస్తున్న ఫోటో అది. ఆమె చేతిలోని చెంబులో ఉన్నది కల్లు కాదు, నా సీసాలోని మంచినీళ్లు. ఫోటోలో పడ్డది నీళ్లని మొన్నటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. మా అత్తకు కూడా.

తాండూరులో నాకు నాపరాయి పాలిష్ పట్టే యూనిట్, దాని ముందే రాయి అమ్మే దుకాణం ఉన్నాయి. ఫోన్లో తీస్తే రాయి రంగు మారిపోతోందని కొనేవాళ్లు పేచీ పెడుతుంటే, జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా కొన్నాను. ఎండలో ఎలా తీస్తుందో, చీకట్లో ఎలా తీస్తుందో చూసుకోవడానికి ఆ బట్టీ గుర్తొచ్చింది. ధారూర్ వైపు అడవి అంచున ఉంటుంది. నిజాం కాలంలో కట్టిన రాతి గోడలు, ఇప్పపువ్వు నానబెట్టిన తొట్లు, పొగగొట్టం ఇంకా నిలిచే ఉన్నాయి. సర్కారు సారా బంద్ అయ్యేదాకా మా మామ అక్కడ పొయ్యి చూసుకునేవాడు.

అత్తతో అంటే తానూ వస్తానంది. నేను వికారాబాద్‌లో ఇంటర్ చదివినన్నాళ్లూ ఆమె ఇంట్లోనే ఉన్నాను. పెనం మీంచి దిగిన మొదటి జొన్నరొట్టె నాకే పెట్టేది. నాకు కాలేజీ ఉందని, తన పిల్లలు ఆగుతారని. మామ బట్టీ నుంచి వస్తూ జేబులో ఎండిన ఇప్పపూలు తెచ్చి నా దోసిట్లో పోసేవాడు. ఇవాళ నేను ఒక దుకాణానికి యజమానినయ్యానంటే అది ఆ ఇంటి చలవే.

మామ పోయాక అత్త ఆ బట్టీ ముఖం చూడలేదు. ఆ రోజు దారిలో బండి ఆపించి ఈతకల్లు తీసుకుంది. మా దిక్కు పోయినవాళ్లను తలుచుకుని కల్లు నేల మీద పోస్తారు. అదే సాక. పొయ్యి ముందు ఆకులు చేత్తో ఊడ్చి, గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని పోసింది. పోస్తూ మామను పేరు పెట్టి పిలిచింది. మొగుడి పేరు ఆమె నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

అప్పుడే ఫోటో తీశాను. లోపల చీకటి. ఆమె చేయి కదలడంతో అంతా అలికినట్టు వచ్చింది. కెమెరాలో ఏదో మార్చి, ఇంకోసారి పొయ్యమన్నాను.

"సాక రెండోసారి పొయ్యరు అల్లుడా. పిలిస్తె వచ్చిండు, తాగిండు. మల్ల పిలిచి పరేషాన్ చేస్తమా?"

"మామను పిలువకు అత్తా. ఊకె నీళ్లు పొయ్యి. కెమెరా ఎట్లుందో సూస్తున్న, అంతే. నీకు మొదటి ఫోటోనే కడిగిస్త."

ఆమె నమ్మింది. నావైపు చూసి నవ్వుతూ నీళ్లు పోసింది. పైకప్పు చీలికలోంచి ఎండ పడి నీళ్లు తెల్లగా మెరిశాయి. ఫోటో అంత బాగా వస్తుందని నేనే అనుకోలేదు. అక్కడే నిలబడి, చెక్కు లేచిన బండను పక్కకు నెట్టినట్టు మొదటి ఫోటో తుడిచేశాను.

రెండోదే క్యాలెండర్‌కు ఎక్కింది. అత్తకు దాన్నే ఫ్రేము కట్టించి ఇచ్చాను. ఆమె చూపు అప్పటికే మసక. మామ పటం పక్కన తగిలించి, వచ్చిన ప్రతివాళ్లకూ అది తాను మామను పిలిచినప్పటి ఫోటో అని చెప్పేది. నేను పక్కనే ఉండి తల ఊపేవాణ్ని.

మొన్న ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. చూడటానికి వికారాబాద్ వెళ్తే, గోడ దగ్గర నిలబడి ఉంది.

"గీ ఫోటోల నవ్వుతున్ననేంది? నేనప్పుడు నవ్వలే కద."

వయసు కదా, మరిచిపోయావనొచ్చు. నమ్మేది కూడా. అలా అనడానికి నాకు నోరు రాలేదు. ఇవి నీళ్లని, అసలుది తుడిచేశానని చెప్పాను.

 ఆమె మంచం మీద కూర్చుని, "ఫోటో తియ్యరానోనికి కెమెరా ఎందుకురా?" అంది. తిట్టింది అదొక్కటే. అంతటితో వదిలినందుకు కూడా నేను ఆమెకు రుణపడ్డాను.

"గా మొదటి దాంట్ల నేనెట్లున్న?"

ఆ ఫోటోను చూసినవాణ్ని నేనొక్కణ్నే. గుర్తున్నదంతా చెప్పాను. కొంగు జారిందని, కళ్లు మూసుకుందని, మామ పేరు దగ్గర నోరు తెరుచుకుని ఉందని, చేయి పొగలా కదిలిందని. ఆమె కళ్లు మూసుకుని వింది. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.

తర్వాత ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాను.

"తప్పయింది అత్తా. మామ వచ్చిన ఫోటో తుడిచేసి, రాని ఫోటో నీకిచ్చిన. నన్ను మాఫ్ చెయ్యి."